షట్టర్ అవతలి చేతులు

నా చిన్నప్పుడు భివండిలో, పద్మనగర్‌లోని మా గల్లీ మొత్తానికి బలమైన పిల్లను నేనే. ఈ మాట ఇంకెవరూ అనలేదు. నేనే అనుకున్నాను, నేనే నలుగురికీ చెప్పి పెట్టాను. సాక్ష్యం కూడా ఉండేది మరి. రోజూ పొద్దున ఏడింటికి మా దుకాణం షట్టర్ ఎత్తేది నేనే. నమ్మని వాళ్లు వచ్చి చూసుకోవచ్చు.

మాది చాళ్లో, అంటే వరసగదుల బిల్డింగులో, కింది అంతస్తు. వెనక గదిలో అమ్మ, బాపు, నేను ఉండేవాళ్లం. గల్లీ వైపు గదిలో అమ్మ దుకాణం నడిపేది. చాయ్‌పత్తా, సబ్బులు, బీడీ కట్టలు, కొబ్బరినూనె, మా కరీంనగర్ దిక్కు నుంచి లారీలో వచ్చే చింతపండు. మరమగ్గాల కార్ఖానాల్లో రాత్రి షిఫ్టు దిగేవాళ్లు, పగటి షిఫ్టు ఎక్కేవాళ్లు ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా మా ముందు నుంచే పోయేవాళ్లు. ఆ గంటన్నరే మా బేరం. ఆ తర్వాత రోజంతా ఈగలు తప్ప ఎవరూ రారు, అవి కొనవు.

షట్టర్ తాళాలు బయటి వైపు ఉండేవి. నేను బయట నిలబడి రెండు తాళాలు తీసేదాన్ని. అమ్మ వెనక గదిలోంచి దుకాణంలోకి వచ్చి, లోపలి నుంచి రేకుకు రెండు అరచేతులూ ఆనించేది. నేను పిడి పట్టుకుని 'హుం' అని గట్టిగా అరిచేదాన్ని. షట్టర్ గడగడమని పైకి పోయేది. ముందు అమ్మ పాదాలు కనిపించేవి, తర్వాత చీర కుచ్చిళ్లు, చివరికి ముఖం. అమ్మ సాయం చేస్తుందని నాకు తెలుసు. ఎంత సాయమో మాత్రం తెలియదు.

పైగా నాది వంకర బుద్ధి. అమ్మ లోపలి నుంచి తోయడం మొదలుపెట్టగానే నేను ఎత్తడం మానేసి పిడిని కిందికి నొక్కి పట్టేదాన్ని. రేకు మధ్యలో వణికేది. అటు అమ్మ, ఇటు నేను. "వదులుతవా లేదా పోరీ" అని లోపలి నుంచి కేక వచ్చేది. అప్పుడు వదిలేదాన్ని. షట్టర్ ఒక్క ఊపున ఎగిరి పైన తగిలేది. అరచేతుల నిండా తుప్పుతో అమ్మ నవ్వాలో కొట్టాలో తెలియక నిలబడేది. మగ్గాల చప్పుడులో మిగతా రోజులు ఆ కేక ఎదురింటి దాకా పోయేదేమో. శుక్రవారం మాత్రం కార్ఖానాలకు సుట్టి, అంటే సెలవు కాబట్టి గల్లీ చివరి దాకా వినిపించేది.

నాకు పన్నెండేళ్లప్పుడు వానాకాలంలో అమ్మకు పచ్చకామెర్లు వచ్చాయి. మూడు వారాలు ఉన్నాయి, అన్నాళ్లూ దుకాణం మూసే ఉంది. ఆ తర్వాత అమ్మ లేదు.

దినాలన్నీ అయ్యాక బాపు మళ్లీ నాగావ్‌లోని మగ్గాల షెడ్డుకు, రాత్రి షిఫ్టుకు పోయాడు. పొద్దున ఎనిమిదిన్నర దాటితే గాని ఇంటికి రాడు. మరాఠీ బడిలో ఆరో తరగతి చదువుతున్నదాన్ని నేను బడి మానేసి దుకాణంలో కూచుంటానన్నాను. బడి పెద్దగా బాధపడినట్టు కనిపించలేదు. మొదటి రోజు ఏడింటికి తాళాలు తీసి, పిడి పట్టుకుని, అలవాటు ప్రకారం 'హుం' అన్నాను. షట్టర్ ఒక పిల్లి దూరేంత లేచి ఆగిపోయింది. ఇన్నేళ్లూ నేను ఎత్తింది నా గొంతు ఒక్కటేనని ఆ పూట తెలిసింది.

చుట్టూ నలుగురు చూస్తున్నారు. ఊరికే ఉండగలనా? "షట్టర్‌కు గూడ ఇయ్యాల సుట్టేనట" అన్నాను. అందరూ నవ్వారు. అందులో ఒకాయన వచ్చి ఎత్తి పెట్టాడు. మొదటి వారం ఎత్తడానికి ముగ్గురు నలుగురు పోటీ పడ్డారు. రెండో వారం ఒక్కరు వచ్చారు. మూడో వారం నేనే పోయి అడగాల్సి వచ్చింది. ఎవరినీ తప్పు పట్టను. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి జాలి కూడా షిఫ్టు దిగే ఉంటుంది.

ఇంట్లో నేను, మగ్గాల చప్పుడు ఉండేవాళ్లం. భివండిలో పుట్టినవాళ్లకు ఆ చప్పుడు మనిషి తోడు లాంటిది. దాని మధ్య ఏం మాట్లాడినా వినపడదు కాబట్టి, ఎవరూ మాట్లాడకపోయినా లోటు తెలియదు. శుక్రవారం వస్తే భయం వేసేది. కార్ఖానాలన్నీ ఒక్కసారి ఆగిపోయేవి. స్టవ్ మీద నీళ్లు కాగే చప్పుడు కూడా వినిపించేది. రెండు గ్లాసులకు సరిపడా చాయ్ పెట్టి, రెండోది ఎవరికని చూసుకునేదాన్ని.

మా పెద్దబాపు, అంటే బాపు అన్న, పక్క గల్లీలో ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. తమ్ముడి కూతురు పొద్దున్నే గల్లీలో మగవాళ్లను బతిమాలుకుంటోందని ఆయనకు నామోషీగా ఉండేది. దానికి తోడు మా ముందు గదిని ఎస్టీడీ బూత్ పెట్టుకుంటానని ఒకాయన అడుగుతున్నాడు. ఒక రోజు సాయంత్రం బాపు షిఫ్టుకు పోయేముందు అన్నం తింటుండగా వచ్చాడు.

"దుకాణం తెరిచేటందుకు రోజూ ఎవన్ని బతిమాలుతవే?" అన్నాడు నాతో.

"బతిమాలుడు కాదు పెద్దబాపూ, వాళ్లకు కసరత్తు చేపిస్తున్న. ఫీజు గూడ తీస్కుంట లేను."

పెద్దబాపు పెదవి కొంచెం కదిలింది గాని నవ్వలేదు. బాపు తల దించుకుని అన్నం కలుపుతూనే ఉన్నాడు. కలిపిందే మళ్లీ కలుపుతున్నాడు.

"సరే," అన్నాడు పెద్దబాపు. "వచ్చే శుక్రవారం పొద్దుగాల్నే వస్త. నా ముంగట నువ్వొక్కదానివే ఎత్తు. ఎత్తితే దుకాణం నీదే, నేను మళ్ల నోరు తెరువ. ఎత్తకపోతే ముంగటి ఖోలీ బూత్ ఆయనకు ఇచ్చుడే, నువ్వు ఊర్ల మీ చిన్నమ్మ దగ్గరికి పోవుడే."

చిన్నమ్మ మంచిదే. ఊళ్లో అన్నానికి లోటుండదు. కానీ దుకాణంలో అమ్మ పెట్టినవన్నీ పెట్టిన చోటే ఉన్నాయి. ఆమె కూచునే ముక్కాలి పీట, చింతపండు బుట్ట మీద కప్పిన పాత చీర ముక్క, సబ్బుల డబ్బా వెనక దాచుకున్న దువ్వెన. ఆ దువ్వెన నేను కదిలించలేదు. బూత్ ఆయన వస్తే మొదట చేసే పని గది ఖాళీ చేయించడం. నేను ఊరికి పోతే భివండిలో మా అమ్మ ఉండేదని చెప్పడానికి బాపు ఒక్కడే మిగులుతాడు, బాపు ఎవరితోనూ ఏదీ చెప్పడు.

నాకు ఎనిమిది రోజులున్నాయి. నాలుగు రోజులు 'హుం' అనడంలోనే పోయాయి.

మా ఎదురుగా ఒక మగ్గాల షెడ్డు ఉండేది. పడుగు దారం చుట్టిన పెద్ద ఇనుప రోలర్లను బీములంటారు. మనిషి బరువుకు రెట్టింపు ఉంటాయి. వాటిని తోపుడు బండి మీద తెచ్చి షెడ్డులో దించే హమాలీ ఒకాయన ఉండేవాడు. అదే షెడ్డు వెనకాల పడుకునేవాడు, ఆలుబిడ్డలు ఊళ్లో ఉన్నారు. పిల్లలందరం ఆయన్ను బీముల మామ అనేవాళ్లం. ఆయనకొక పద్ధతి ఉండేది. బీము ఎత్తేముందు వంగి, రెండు అరచేతులూ దాని మీద పెట్టి, నేలలోకి దిగ్గొడతాడా అన్నట్టు నొక్కేవాడు. కళ్లు సగం మూతలు పడేవి, పెదవులు కదిలేవి. తర్వాత చేతులు ఒకసారి విదిలించి, అవతలి కొస పట్టుకున్న మనిషితో కలిసి ఎత్తేసేవాడు.

ఆయన బీముకు మొక్కుతాడని గల్లీ అంతా అనుకునేది. ఊరి నుంచి కొత్తగా వచ్చిన హమాలీలు ఆయన్ను చూసి బీమును తాకి కళ్లకద్దుకోవడం మొదలుపెట్టారు. ఒకసారి ఎవరో కుంకుమ బొట్టు కూడా పెట్టారు. ఆయన ఎవరినీ వద్దనలేదు. నేనేమో ఆయన వేషం వేసి అందరినీ నవ్వించేదాన్ని. చింతపండు బుట్ట ముందు వంగి, కళ్లు మూసి, పెదవులు ఆడించి, చివరికి ఒక్క చింతపిక్క ఎత్తేదాన్ని. ఆయన ఎదుటి నుంచి చూసేవాడు.

ఆ మంగళవారం పొద్దున నేను షట్టర్‌తో కుస్తీ పట్టి, చూసేవాళ్లకు రెండు జోకులు చెప్పి, చివరికి మెట్టు మీద కూలబడ్డాను. జనం వెళ్లిపోయారు. బీముల మామ గల్లీ దాటి వచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు.

"నన్ను ఎక్కిరిచ్చేది నువ్వేనా?"

"నేను కాదు మామా, నా చేతులు."

"అట్లయితే చేతులతోనే మాట్లాడుత. ఇటు తే."

నా కుడి చెయ్యి మోచేతి దగ్గర మడిచి, నా అరచేతి మీద ఆయన అరచెయ్యి పెట్టి, లేపమన్నాడు. ఆ చెయ్యి కదలలేదు. ఇప్పుడు తన చేతిని కింద పెట్టి, దాన్ని నొక్కమన్నాడు. నొక్కాను. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి, వదలమన్నాడు. వెంటనే మళ్లీ పైన చెయ్యి పెట్టి లేపమన్నాడు. ఈసారి ఆ మొద్దు చెయ్యి నాలుగు వేళ్ల మందం పైకి లేచింది.

"నువ్వు కావాల్ననే ఇడిచిపెట్టినవ్ మామా."

"నేనెందుకు ఇడుస్త? ఏడాది సంది ఎక్కిరిస్తున్న పిల్లకు నేనేం చుట్టాన్నా?"

ఆయన వివరంగా చెప్పిన తీరు నాకింకా గుర్తుంది. చేతి ముందరి కండ లేపుతుందట, వెనక కండ నొక్కుతుందట. మనం లేపుదామనుకున్నప్పుడు కూడా వెనకది ఊరుకోదట, అడ్డం పడుతూనే ఉంటుందట. దానికి ముందే గట్టిగా పని చెప్పి వదిలేస్తే అది పక్కకు తప్పుకుంటుంది, ముందరిది తన బలమంతా చూపిస్తుంది. అంజూర్ ఫాటా గోదాముల దగ్గర లారీలు దించే ముసలాయన దగ్గర ఈ కిటుకు నేర్చుకున్నానన్నాడు. నాకు సరిగ్గా అర్థం కాలేదని చూసి మగ్గం పోలికలోకి దిగాడు.

"మగ్గం మీద దారం మోసే నాడె చూసినవ్ గద. ఇటు కట్టె కొడితే అటు పోతది, అటు కట్టె కొడితే ఇటొస్తది. రెండు కట్టెలు ఒక్కసారే కొడితే ఏమైతది?"

"నాడె నడుమ ఇరుక్కుంటది. ఫిట్టర్ వచ్చి తిడతడు."

"నీ చేతుల గూడ గదే అయితుంది. ఫిట్టర్ లేడు గంతే."

నాకు అసలు సందేహం వేరే ఉంది. "మరి నొక్కేటప్పుడు పెదవులు ఆడిస్తవు, ఏ దేవునికి మొక్కుతవ్ మామా?"

"ఒకటి, రెండు, మూడు అని లెక్కవెడుత."

"మరి వాళ్లంతా కండ్లకద్దుకుంటున్నరు గద."

"అద్దుకోనీ. అన్నం పెట్టేదానికి మొక్కితే నష్టమేంది?"

అంత పెద్ద నవ్వు అమ్మ పోయాక నాకు అదే మొదటిది. జనం కోసం నవ్వింది కాదు, నా కోసం నవ్వింది.

ఆ రోజే షట్టర్ రెండు పక్కల గాడుల్లో ఇంత నూనె పోశాడు. బుధవారం, గురువారం ఆయన బండి ఆపి నన్ను చూసేవాడు. మొదట నేను చేసిన తప్పు, నొక్కడమే ఘనకార్యమనుకుని చేతులు వణికేదాకా నొక్కడం. ఎత్తే వేళకు బలమంతా అయిపోయేది. "మూడు లెక్కలే. షట్టర్‌ను పాతిపెడుతున్నవా ఏంది?" అన్నాడు. అది సర్దుకున్నాను. రెండో తప్పు మాత్రం సర్దుకోలేదు. మూడు లెక్కపెట్టేదాన్ని, ఎత్తాలనుకునేదాన్ని, కానీ చేతులు ఇంకా నొక్కుతూనే ఉండేవి. మోకాళ్ల ఎత్తు దగ్గర షట్టర్ వణుకుతూ ఆగిపోయేది.

"నొక్కుడు వచ్చింది, ఎత్తుడు వచ్చింది," అన్నాడు గురువారం. "వదులుడు వస్తలేదు నీకు. ఎందుకు?"

ఎందుకో నాకు తెలుసు. పిడిని కిందికి నొక్కినప్పుడల్లా నా అరచేతులు అవతలి నుంచి ఒక తోపు కోసం చూసేవి. ఇన్నేళ్లూ నొక్కిందంతా ఆ తోపు మీదే. ఆ కేక వినపడ్డాకే వదిలేదాన్ని. ఇప్పుడు అవతల రేకు ఊరికే ఉంది. తోపు రాదు, కేక రాదు, చేతులకు వదలాలని తెలియదు. ఇది మామకు చెప్పడం నాకు చేతకాలేదు. చేతనైంది చెప్పాను. "రేకుకు నేనంటే పాణం మామా, ఇడుస్తలేదు."

ఆయన నవ్వలేదు. షట్టర్ వైపు, నా వైపు ఒకసారి చూసి బండి తోసుకుంటూ పోయాడు.

శుక్రవారం వచ్చింది. మగ్గాలు ఆగాయి. పెద్దబాపు ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. సుట్టి రోజు కదా, చూడ్డానికి జనం బాగానే పోగయ్యారు. తాళాలు తీశాను. ఏదో ఒక జోకు వేస్తానని అందరూ నా ముఖం వైపు చూస్తున్నారు. నేను షట్టర్ వైపు తిరిగాను.

వంగి రెండు చేతులతో పిడిని నొక్కాను. ఒకటి. రెండు. మూడు. వదలలేదు. నాలుగు కూడా అయిపోయింది. అంత నిశ్శబ్దంలో రేకు వణికే చప్పుడు గల్లీ అంతటికీ వినిపిస్తోంది. చేతులు అలిసిపోతున్నాయని తెలుస్తూనే ఉంది, అయినా అవి ఎదురుచూస్తున్నాయి.

అప్పుడు నా వెనక నుంచి, గల్లీ అవతలి నుంచి, బీముల మామ బొంగురు గొంతు వినిపించింది.

"వదులుతవా లేదా పోరీ."

ఎన్నేళ్లు విన్నాడో ఆ మాటను, ఆ ఎదురు షెడ్డు ముందు కూచుని. అమ్మ ఎక్కడ సాగదీసేదో అక్కడే సాగదీశాడు. నా చేతులు వదిలేశాయి. నేను వదిలానని చెప్పను, అవే వదిలాయి. ఆ వెంటనే ఎత్తాను. షట్టర్ మోకాళ్లు దాటింది, నడుము దాటింది, నేను కిందికి దూరి భుజం పెట్టి తోశాను, పైకి పోయి తగిలింది.

లోపల ఎవరూ లేరు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా షట్టర్ లేస్తుంటే నా కళ్లు వాటి వరుసలో అవి వెతికాయి. ముందు పాదాల చోటు, తర్వాత చీర చోటు, తర్వాత ముఖం చోటు. చింతపండు వాసన, సబ్బుల వాసన వచ్చి ముఖానికి తగిలాయి. నేను లోపలికి పోయి ముక్కాలి పీట మీద కూచుని, గల్లీకి వీపు పెట్టి ఏడ్చాను. నన్ను అలా చూడటం అందరికీ కొత్త.

కాసేపటికి పెద్దబాపు దగ్గాడు. "ఎవరన్న సాయం పట్టిన్రా?" అని జనాన్ని అడిగాడు. ఎవరూ పట్టలేదన్నారు. ఎవరూ పట్టలేదన్నది నిజమే. "అయితే ఒక సబ్బు ఇయ్యి. బోణీ నాదే," అన్నాడు నాతో. బూత్ మాట ఆ తర్వాత ఆయన ఎత్తలేదు. ఎనిమిదిన్నర దాటాక బాపు షిఫ్టు దిగి వచ్చాడు. తెరిచిన షట్టర్ చూసి, వెనక తలుపు నుంచి ఇంట్లోకి పోకుండా, అందరిలాగే గల్లీలో నిలబడి ఒక బీడీ కట్ట అడిగాడు. నా ముఖం చూసి, అమ్మ దువ్వెన అందుకుని, నా జుట్టు సరిచేశాడు. తర్వాత దాన్ని మళ్లీ సబ్బుల డబ్బా వెనకే పెట్టాడు.

బీముల మామ ఇంకో రెండేళ్లున్నాడు. ఒక శుక్రవారం ఊరికి పోయాడు, తిరిగి రాలేదు. ఆ రెండేళ్లూ నేను ఆయన వేషం వేయడం మానలేదు, ఆయన ముందే వేసేదాన్ని, అక్కడ తప్పు వేశావని సరిదిద్దేవాడు. మా గల్లీలో ఇప్పటికీ కొందరు హమాలీలు బీమును తాకి కళ్లకద్దుకుంటారు. ఎందుకని అడిగితే పెద్దల నుంచి వస్తున్న ఆచారమంటారు. నేను నోరు మూసుకుంటాను.

నాకు నలభై దాటి చాలా రోజులైంది. దుకాణం అదే, షట్టర్ మాత్రం రెండోది. మా పై అంతస్తులో కసరత్తు గది పెట్టిన పిల్లవాడు ఒకసారి నన్ను చూసి, ఎదురు కండను ముందు బిగిస్తే తర్వాత రెండో కండకు బలం పెరుగుతుందని పుస్తకాల్లో కూడా ఉందని, కాకపోతే అందరికీ ఒకేలా పనిచేయదని చెప్పాడు. వదలడం గురించి ఆ పుస్తకంలో ఏముందని అడిగాను. వెతికి చెప్తానన్నాడు. ఇంకా వెతుకుతున్నాడు.

పొద్దున ఏడింటికి నేను వంగి పిడిని కిందికి నొక్కుతుంటే, గల్లీకి కొత్తగా వచ్చినవాళ్లు "తెరుస్తున్నవా అక్కా, మూస్తున్నవా?" అని అడుగుతారు. రోజుకొక జవాబు చెప్పి నవ్విస్తాను. నవ్వుతూనే లెక్కపెడతాను. ఒకటి, రెండు, మూడు. ఆ మూడు లెక్కల సేపు నా అరచేతులు ఇప్పటికీ అవతలి తోపు కోసం చూస్తాయి. చూడనిస్తాను. తర్వాత వదిలి, ఎత్తుతాను.